ఇంజన్లు పుట్టే ఊరికి మా మొక్కు యాత్ర

యాదగిరిగుట్ట మీద వెలసిన లక్ష్మీనరసింహస్వామికి ముందుగా కోటి దండాలు. స్తంభంలో ఉన్నాడా అని అడిగినవాడికి స్తంభం చీల్చుకొని కనిపించిన స్వామి ఆయన. రాతిలో ఉంటాడని, నీటిలో ఉంటాడని, గడ్డిపోచలో ఉంటాడని మా భజన మండలిలో ఏళ్ళుగా పాడుతున్నాం. ఇనుములోనూ ఉంటాడని ఈ సెప్టెంబరులో కళ్ళారా చూసి వచ్చాను. ఆయన పిలవనిదే గడప దాటలేం. ఆయన తోడు లేనిదే తిరిగి ఇల్లు చేరలేం. ఈ నాలుగు మాటలు రాయిస్తున్నదీ ఆయనే. తప్పులుంటే అవి మాత్రం నావి.

కాశీ అంటాడనుకుంటే

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఎల్బీనగర్ వెనక కాలనీలో ఇల్లు కట్టుకొని చాలా ఏళ్ళయింది. మా ఆయన రైల్వేలో కరెంటు ఇంజన్ల డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నేను మా కాలనీ ఆడవాళ్ళ భజన మండలి నడుపుతాను. ఆయనకు భజనలంటే పడదని కాదు, మొదలైన కాసేపటికే నిద్ర పడుతుంది. ఇంజన్ చప్పుడుకు అలవాటైన చెవులకు మా తాళాల చప్పుడు జోలపాటలా ఉంటుందట.

కిందటేడు ఆయన గుండెకు ఆపరేషన్ అయింది. దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చొని, ఈ మనిషి తన కాళ్ళ మీద నడిచి బయటికొస్తే ఏ క్షేత్రం అడిగితే ఆ క్షేత్రానికి తీసుకుపోయి దర్శనం చేయిస్తానని స్వామికి మొక్కుకున్నాను. మొక్కేటప్పుడు క్షేత్రం పేరు విప్పి చెప్పుకోవాలని మండలిలో అందరికీ చెప్పేది నేనే. ఆ రోజు నా భయంలో నాకే గుర్తు రాలేదు. అడిగితే కాశీ అడుగుతాడు, ఇంకేం అడుగుతాడులే అనుకున్నాను.

ఇంటికొచ్చి కాస్త కోలుకున్నాక మొక్కు సంగతి చెప్పాను. మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏ క్షేత్రమైనా తోల్కపోతవా?"

"ఏదైనా."

"మల్ల మాట మారిస్తే?"

"స్వామి ముందట అనుకున్న మాట. ఎట్ల మారుస్త?"

"అయితే బెంగాల్ల ఇంజన్ల కార్ఖానకు తోల్కపో. బతుకంత నడిపిన. అవి యాడ పుడ్తయో ఒక్కపారి సూడాలె."

శుక్రవారం భజన అయ్యాక మండలిలో ఈ సంగతి పెట్టాను. ఒకామె గుడి లేని తావు క్షేత్రమెట్లయితదని అడిగింది. కాశీకి మాతో పాటు రావాలని సంచి కూడా కొనుక్కున్న లక్ష్మమ్మకు మరీ కోపమొచ్చింది.

"ఇంజన్ సూడనీకి బెంగాల్ దాక ఎందుకక్కా? మౌలాలి రైల్వే షెడ్డుకు పోతే లైన్ గట్టి ఉంటయి. షేర్ ఆటోల పోయి పొద్దుమూకక ముందే రావచ్చు."

చివరికి మా మండలికి పెద్దదిక్కైన పంతులుగారిని అడిగాం. ఆయన కోనసీమ నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డారు. అంతా విని, కళ్ళజోడు తుడుచుకొని, "అమ్మా, ఆయన ఏది అడిగితే అది అని మొక్కుకున్నారా లేదా?" అన్నారు. మొక్కానన్నాను.

"మరింకేం? క్షేత్రమేదో తేల్చే అధికారం మీరే ఆయన చేతికిచ్చేశారు. స్తంభంలో ఉన్న స్వామి ఇంజన్లో ఉండనంటాడా? వెళ్ళి రండి. కాకపోతే దర్శనం అన్నారు చూడండి, అదీ మెలిక. గేటు బయట నిలబడి చూసొస్తే చెల్లదు. గోపురం చూసి వెనక్కొచ్చేస్తే దర్శనం అయిందంటామా?"

అసలు చిక్కు అక్కడే. ఆ కార్ఖానా ప్రభుత్వానిది. కనిపించినవాళ్ళందరినీ లోపలికి పోనివ్వరు. ఏడాదిలో విశ్వకర్మ పూజ నాడు మాత్రం కార్మికుల ఇళ్ళవాళ్ళను రానిస్తారని మా ఆయన పాత స్నేహితుడొకాయన చెప్పాడు. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాది. తీరని మొక్కు నెత్తి మీద పెట్టుకొని, కుట్లు పడ్డ గుండె ఉన్న మనిషి పక్కన ఏడాది పొడుగునా నేనెట్లా పడుకోను? అక్కడ మాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. స్వామి మీద భారం వేసి టికెట్లు కొన్నాం.

దిల్‌సుఖ్‌నగర్‌లో గుమ్మడికాయ

బయల్దేరే ముందు లక్ష్మమ్మ కోపం చల్లారి కొత్త ఆలోచన చెప్పింది. మా వైపు సైకిల్ కొన్నా దిష్టి తీయకుండా తొక్కం. దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త కోచింగ్ సెంటర్ తెరిచిన ప్రతిసారీ గడప ముందు బూడిద గుమ్మడికాయ పగులుతుంది, ఆ ముక్కల మీదే పిల్లలు ఇంజనీర్లు కావడానికి లోపలికి పోతారు. అలాంటిది అంత పెద్ద ఇంజన్‌కు దిష్టి తీయకపోతే ఎట్లా అంది. మండలి అంతా ఔనంది. అక్కడే కొనవచ్చు కదా అని నేనంటే, బెంగాల్‌లో బూడిద గుమ్మడి కాయదని లక్ష్మమ్మ గట్టిగా చెప్పింది. ఆమె బెంగాల్ ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు కాబట్టి ఒప్పుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద తోపుడు బండి మీద కాయ నూట ఇరవై అన్నాడు. ఎనభైకి తెచ్చాను. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు కూడా తీసుకున్నాను. కాయకు దెబ్బ తగలకుండా తువ్వాలు చుట్టి ఎత్తుకుంటే, నా నడకే మారిపోయింది.

మెట్రో స్టేషన్‌లో సామాను మిషన్లో పెట్టాలి. తెర ముందు కూర్చున్న అమ్మాయి దాన్ని రెండుసార్లు ముందుకూ వెనక్కూ నడిపింది.

"ఏంది ఆంటీ గిది?"

"దిష్టి గుమ్మడికాయ బిడ్డా. ఇంజన్‌కు."

"ఏ ఇంజన్‌కు?"

నేను మొక్కు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. మా ఆయన ఈలోపు దూరంగా పోయి, తనెవరో నేనెవరో అన్నట్టు గోడ మీద బొమ్మలు చూస్తున్నాడు. ఆ అమ్మాయి తన పై ఆఫీసరును పిలిచింది. ఆయన అంతా విని, పోయిన వారమే కొత్త బండి కొన్నానమ్మా, ఒక నిమ్మకాయ ఇయ్యుండ్రి అన్నాడు. మంచి పెద్ద కాయ చూసి ఇచ్చాను.

రైల్లో ఒడియా ముసలాయనొకడు ఎదురు బెర్తులో ఉన్నాడు. తువ్వాలులో ఉన్నదాన్ని పసిపిల్ల అనుకొని, పొద్దుటి నుంచి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నానికి, పాపకు పాలు పట్టలేదేమని మెల్లగా అడిగాడు. తువ్వాలు తీసి చూపించాను. ఆయన ఆ తర్వాత మాతో ఎక్కువ మాట్లాడలేదు.

మోకాళ్ళ నూనెతో మురుమురాలు

హౌరాలో దిగి ఇంకో రైలెక్కాం. టీ మట్టి ముంతలో ఇచ్చారు. పది రూపాయలు. మా దిల్‌సుఖ్‌నగర్ ఇరానీ హోటల్లో ఇరవై తీసుకుంటారు కానీ ఒక కబురు చెప్పుకునేంత సేపు వస్తుంది, ఇక్కడిది రెండు గుక్కలు. తాగి ముంతను కిటికీలోంచి విసిరేస్తున్నారు. మట్టితో చేసినదాన్ని అట్లా పారేయడానికి చేయి రాక నేను ముంతలన్నీ దాచాను. సాయంత్రానికి సంచిలో కుమ్మరి కొట్టు తయారైంది.

మురుమురాల మీద పచ్చి ఆవనూనె పోసి కలిపి ఇచ్చారు. మా ఇంట్లో ఆ నూనె మోకాళ్ళకు రాసుకుంటాం. మా ఆయన ఒక పిడికెడు నోట్లో వేసుకొని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, నొప్పులన్నీ పోయినట్టున్నయి అన్నాడు.

ఆ బండిలోనే మాలతి కలిసింది. నలభై దాటిన మనిషి, చేతులకు తెల్ల శంఖం గాజులు, ఎర్ర గాజులు, నుదుట పాపిట నిండా సిందూరం. మేం ఎక్కడికని అడిగింది. ఆమె హిందీ బెంగాలీలా గుండ్రంగా ఉంది, మా ఆయన హిందీ చార్మినార్ దగ్గర నేర్చింది. ఇద్దరికీ సగం సగం అర్థమైంది. ఆ సగంలోనే తేలిందేమిటంటే, మేం పోయే ఊరు ఆమెదే, ఆమె భర్త తపన్‌బాబు ఆ కార్ఖానాలోనే వెల్డరు. ఇది స్వామి చేసిన ఏర్పాటు కాకపోతే ఇంకేమిటో ఎవరైనా చెప్పండి.

ఆ ఊరి పేరు నేను రాయడం లేదు. మమ్మల్ని లోపలికి తీసుకుపోయిన ఇంటివాళ్ళకు మాట రాకూడదని. దిగాక చూస్తే, మేం ముందే చెప్పి పెట్టుకున్న లాడ్జిలో మా గదిని పూజకొచ్చిన వేరే కుటుంబానికి ఇచ్చేశారు. నిర్వాహకుడు చేతులు జోడించి దేవుడిలా నిలబడ్డాడు తప్ప గది ఇవ్వలేదు. మాలతి ఆ మాట విని రిక్షా వెనక్కి తిప్పించి, మా సంచులు తనే ఎత్తి పెట్టింది.

ఊరంతా కార్ఖానా వాళ్ళదే. ఎర్ర ఇటుకల క్వార్టర్లు, రెండు వైపులా పెద్ద చెట్లు, చెరువులు, వెడల్పాటి రోడ్ల మీద సైకిళ్ళు. మా ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక్క సిగ్నల్ పడేలోపు వినిపించే హారన్లు అక్కడ రెండు రోజుల్లో కూడా వినలేదు. నాకు మొదట చెవులు పోయాయేమో అనిపించింది.

దిష్టికాయ కూరైంది

మాలతి ఇంట్లో గుమ్మడికాయను వంటింటి అరుగు మీద పెట్టి స్నానానికి పోయాను. చేసిన పొరపాటు అదొక్కటే. తిరిగొచ్చేసరికి ఇల్లంతా ఆవనూనె వాసన, దాని వెనక ఇంకేదో వాసన. కడాయిలో నా గుమ్మడికాయ సన్నటి ముక్కలై, రొయ్యలతో కలిసి ఉడుకుతోంది.

మేం మాంసం ముట్టం. మా ఆయన కూర్చున్న కుర్చీలోంచి వంటిల్లు బాగా కనిపిస్తుంది.

"నువ్వు సూస్తనే ఉన్నవా?" అన్నాను.

"సూసిన. ఆమె గంత సంబురంగ కోస్తుంటే ఏమని ఆపుత? దిష్టిని హిందీల ఏమంటరో నాకు యాదికి రాలే."

పాపం, మాలతి తప్పేం లేదు. ఇంత దూరం నుంచి ఒక మనిషి తన ఊరి కాయను ఒళ్ళో పెట్టుకొని తెస్తే అది ప్రేమతో తెచ్చిన కానుకే అనుకుంది. రొయ్యలు వేయకపోతే ఆ కాయకు మర్యాద ఉండదని పక్కింట్లో అడిగి మరీ తెచ్చింది. అది కూరకు కాదు, నేలకేసి కొట్టడానికని మా ఆయన చేతులతో చూపించి చెప్పాడు. ఆమె గరిటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. తినే వస్తువును రెండు రోజులు మోసుకొచ్చి నేలకేసి కొట్టే మనుషులను ఆమె ఎన్నడూ చూడలేదు. దిష్టికాయకు రొయ్యలు పెట్టి వండిన మనిషిని నేనూ చూడలేదు. కాసేపటికి, తన పుట్టింటి ఊళ్ళో కాళీపూజకు మేకకు బదులు ఇదే కాయను కత్తితో నరుకుతారని ఆమె చెప్పింది. అయితే మా కాయకు ఏదో ఒక దేవతతో సంబంధం ఉన్నట్టే అని ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. బెంగాల్‌లో ఈ కాయ ప్రతి పెరట్లో కాస్తుందని కూడా అప్పుడే తెలిసింది.

తపన్‌బాబు డ్యూటీ నుంచి వచ్చాడు. మరుసటి రోజే పూజ. గేటులో సొంతవాళ్ళను మాత్రమే వదులుతారనీ, నేను మాలతికి అక్కనని చెప్తే సరిపోతుందనీ అన్నాడు. అబద్ధం చెప్పి గుడిలోకి పోయి మొక్కు తీర్చుకుంటే అది తీరినట్టా? చెప్పనన్నాను. చెప్పకపోతే గేటు దగ్గరే ఆపేస్తారని తపన్‌బాబు తల పట్టుకున్నాడు. మా ఆయన ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చుకున్న తెల్ల చొక్కాను సంచిలోంచి తీసి, మళ్ళీ మడత పెట్టి లోపల పెట్టుకున్నాడు. అది చూడలేక పంతులుగారికి ఫోన్ చేశాను.

"అబద్ధం ఆడొద్దమ్మా," అన్నారాయన. "నిజం చేసేసుకోండి. ఆవిడింట్లో భోంచేశారా?"

"లేదు పంతులుగారూ. రొయ్యలు."

ఫోన్‌లో పంతులుగారు దగ్గారు.

"రొయ్యలు తినమనట్లేదండీ. అన్నం వార్చింది కదా, అది తినండి. ఒక కంచంలో తిన్న ఆడవాళ్ళు అక్కచెల్లెళ్ళు కాక మరేమవుతారు? మీ మొక్కు గేటు దగ్గర కాదు, ఆ కంచం దగ్గర ఆగిపోయింది."

ఈ మాట మాలతికి చెప్తే ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. వాళ్ళ వైపు ఆడవాళ్ళు ఇట్లా వరస కలుపుకోవడం ఉందట. కొత్త గిన్నెలో వేరే అన్నం వండింది. నా సంచిలోంచి ఆవకాయ తీసి, నెయ్యి వేసి కలిపి, మొదటి ముద్ద ఆమె నోట్లో పెట్టాను. రెండో ముద్ద ఆమె నాకు పెట్టింది. తన చేతి ఎర్ర గాజు ఒకటి తీసి నాకు తొడిగింది. ఆమె కళ్ళలో ధారగా నీళ్ళు. అక్క దొరికిన ఆనందం కొంత, ఆవకాయ కొంత. "దీదీ" అని ఒక్కమాట అని, నీళ్ళ చెంబు కోసం పరుగెత్తింది.

స్థల పురాణం

ఏ క్షేత్రానికి పోయినా ముందు స్థల పురాణం వినాలి. పొద్దున కార్ఖానాకు నడిచి పోతుంటే తపన్‌బాబు చెప్పాడు, మా ఆయన నాకు తెలుగులో చెప్పాడు, మధ్యలో తన కథలు కలిపాడు. ఏది తపన్‌బాబుదో ఏది మా ఆయనదో విడదీసి నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

ఒకప్పుడు ఇక్కడ సంతాలీ గిరిజనుల పల్లెలు, పొలాలు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, ఇంజన్ల కోసం పరాయి దేశాల ముఖం చూడకూడదని ప్రభుత్వం ఈ కార్ఖానా పెట్టింది. మొదటి అవతారం ఆవిరి ఇంజను. తపన్‌బాబు తాత బాయిలర్లు చేసేవాడు. రెండోది కరెంటు ఇంజను. కొన్నేళ్ళు రెండూ పక్కపక్క షెడ్లలో పుట్టాయి. ఆవిరి ఇంజన్లు చేయడం ఆపేసిన రోజు తాత ఇంటికొచ్చి అన్నం ముట్టలేదట. ఆయన కొడుకు, అంటే తపన్‌బాబు తండ్రి, అప్పటికే కరెంటు ఇంజన్ మోటార్లకు రాగి తీగ చుట్టే పనిలో ఉన్నాడు. ఆ ఇంట్లో చాలా రోజులు తండ్రీకొడుకులు ఇంజన్ల మాట ఎత్తకుండా భోంచేశారట. మధ్యలో డీజిల్ ఇంజన్లు కూడా కొన్నేళ్ళు చేశారు. అది మా ఆయనకు నచ్చని అవతారం, అందుకే తెలుగులో చెప్పకుండా దాటేయబోయాడు. తపన్‌బాబు గుర్తు చేస్తే, "ఆ, చేసిండ్రు" అన్నాడు.

ఆ తర్వాత పరాయి దేశం నుంచి విద్య తెచ్చుకొని, ఇక్కడే నేర్చుకొని, ఇప్పటి కొత్త కరెంటు ఇంజన్లు చేస్తున్నారు. వీటికి బ్రేకు వేస్తే ఆ ఊపులోంచి కరెంటు పుట్టి, పైన తీగలోకే తిరిగి పోతుందట. తీసుకున్న చోటికే తిరిగి ఇచ్చే ఇంజను. ఇదే మాట మా పంతులుగారు ఇన్నేళ్ళుగా మాకు మనుషుల గురించి చెప్తున్నారు, మాకింకా పట్టుబడలేదు.

ఇప్పుడు చాలా భాగాలు బయటి నుంచి చేసి తెస్తున్నారనీ, తాము జోడించడం ఎక్కువైందనీ తపన్‌బాబు అన్నాడు. తన కూతురు కంప్యూటర్లు చదువుతోందట. తాత ఉంటే మళ్ళీ అన్నం మానేసేవాడని నవ్వాడు.

గేటు దగ్గర

గేటు ముందు పెద్ద వరస. ఆడవాళ్ళు కొత్త చీరల్లో, పిల్లలు పతంగులతో. మన దగ్గర చలికాలంలో ఎగరేసే పతంగులు అక్కడ విశ్వకర్మ పూజకు ఎగరేస్తారు. ఆకాశమంతా కాగితాలే.

మాలతి ముందు నిలబడి, నన్ను చూపించి అక్క అని చెప్పింది. కాపలాదారు నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా చీర కట్టు, నా తిరునామం చూసి, ఈమె నీకెట్లా అక్క అని అడిగాడు. మాలతి నోరు తెరిచేలోపు నేను ముందుకొచ్చాను. నిజం నా దగ్గర ఉంది, నాకేం భయం? నాకొచ్చిన హిందీలో స్వామికి దండం పెట్టి మొదలుపెట్టాను. దవాఖాన, మొక్కు, కాశీ అడగకపోవడం, లక్ష్మమ్మ, గుమ్మడికాయ, మెట్రో, లాడ్జి. వెనక వరస రోడ్డు మలుపు దాకా పెరిగింది. ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. నేను రొయ్యల దగ్గరికొచ్చేసరికి కాపలాదారు రెండు చేతులూ ఎత్తాడు.

"జాయియే మా జీ, జాయియే," పొండమ్మా పొండని దారి వదిలాడు.

కంచం సంగతి ఇంకా చెప్పలేదన్నాను. లోపలికి పోయి చెప్పమన్నాడు. మా ఆయన నా రెక్క పట్టుకొని లోపలికి లాక్కుపోయాడు. "ముప్పై ఏండ్ల సంది నీ మాటలు నన్నే ఆపినయి. ఇయ్యాల గేటు తెరిసినయి" అన్నాడు.

దర్శనం

లోపల ఒక్కో షెడ్డు ఒక్కో గుడి. ప్రతి షెడ్డులో పందిరి, పందిట్లో విశ్వకర్మ. మా కాలనీ వడ్రంగి కొట్లో పటంలో ఆయనకు అయిదు ముఖాలుంటాయి. ఇక్కడ ఏనుగు మీద కూర్చున్న నవయువకుడు, నల్లటి మీసం, పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఎవరైతేనేం, దండం పెట్టాను. మిషన్లన్నిటికీ దండలు, సిందూరం బొట్లు. ప్రసాదం కిచిడీ ఆకు దొప్పల్లో పెట్టారు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, రొయ్య అసలే లేదు. రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాను.

తపన్‌బాబు పనిచేసే షెడ్డులో ఇంజన్ల ఒళ్ళు చక్రాలు లేకుండా దిమ్మెల మీద ఉన్నాయి. కళ్ళ దగ్గర కన్నాలు, కడుపులో ఖాళీ. మా ఆయన ఒక్కో దాని పక్కన నిలబడి, ఇక్కడ మోటార్లొస్తయి, గీడ ట్రాన్స్‌ఫార్మర్ అని చేత్తో తడుముతూ చెప్పాడు. చివరి షెడ్డులో పూర్తయిన ఇంజన్ ఒకటి పట్టాల మీద నిలబడి ఉంది. మెడలో బంతిపూల దండ.

నా దగ్గర గుమ్మడికాయ లేకపోయినా నిమ్మకాయలున్నాయి. వంగి చక్రాల కింద పెట్టబోయాను. తపన్‌బాబు కంగారుగా ఆపాడు. నిమ్మకాయ తొక్కాలంటే ఇంజన్ కదలాలి. విశ్వకర్మ పూజ నాడు కార్ఖానాలో ఏ పనిముట్టూ కదలకూడదు, అదే వాళ్ళ నియమం. మన ఆచారమేమో బండి కదిలితేనే తీరుతుంది. ఇద్దరం కాసేపు ఆలోచించాం. చివరికి పూజారి నిమ్మకాయలు తీసుకొని ఏనుగు పాదాల దగ్గర పెట్టాడు. ఏనుగే తొక్కుకుంటుందిలే అన్నాడు.

ఆ ఇంజన్ క్యాబిన్‌లోకి ఎక్కి చూడనిస్తున్నారు. నిచ్చెన ముందు వరసంతా పిల్లలే. మధ్యలో తెల్ల చొక్కా వేసుకొని మా ఆయన. జన్మంతా ఎక్కిన మెట్లే, అయినా ఎక్కే ముందు చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు. నేను వెనక నిలబడి ఆయన వీపు మీదే కళ్ళు పెట్టి స్వామి నామం చెప్పుకుంటున్నాను.

లోపలికి పోయాక సీటు మీద కూర్చుంటాడనుకున్నాను. కూర్చోలేదు. ఏసీ చూశాడు, మీటలు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఒక చిన్న తలుపు తెరిచి అందులోకి పోయి మూసుకున్నాడు. లోపల గొళ్ళెం పడిన చప్పుడైంది.

ఎంతకీ బయటికి రాడు. కింద పిల్లలు గోల. పిలిస్తే పలకడు. కుట్లు పడ్డ గుండె. చీర కుచ్చిళ్ళు ఎగదోపి నిచ్చెన ఎక్కి తలుపు బాదాను. "ఏమయ్యా, ఏమైంది?"

గొళ్ళెం తీశాడు. చెంపలు తడిగా ఉన్నాయి.

"ఏం కాలే. గొళ్ళెం పడ్తదా లేదా అని సూసిన."

లోపలికి చూశాను. చిన్న మరుగుదొడ్డి. అంతే.

"ఇంజన్ల పెడ్తున్నరే," అన్నాడు. "డ్రైవర్‌కు."

అప్పుడు అర్థమైంది నాకు. డ్యూటీకి పోయే ముందు నేను చెంబుతో నీళ్ళిస్తే పెదాలు తడుపుకొని పెట్టేసేవాడు. మజ్జిగ వద్దనేవాడు. ఎండాకాలం పెదవులు పగిలి ఇంటికొచ్చేవాడు. నా చేతి నీళ్ళు రుచించవా అని నేను దెప్పేదాన్ని. ఇంజన్‌లో అటువంటి వసతి ఉండదనీ, బండి ఆగినప్పుడే దిగాలనీ, అది ఎప్పుడాగుతుందో ఎవరికీ తెలియదనీ నాకు చెప్పడానికి ఆయనకు సిగ్గు. ఆయన ఆ చిన్న తలుపును మళ్ళీ ఒకసారి తెరిచి, మూసి, దాని మీద అరచేయి పెట్టి నిలబడ్డాడు. తిరుపతి కొండ మీద కూడా ఆ మనిషి అట్లా నిలబడగా నేను చూడలేదు.

"పోదాం పా," అన్నాడు. "దర్శనమైంది."

కింద మాలతి నీళ్ళ సీసా అందించింది. మూత తీసి, ఆపకుండా మొత్తం తాగాడు.

తిరిగొచ్చిన శుక్రవారం మండలిలో ఇదంతా చెప్పాను. గుమ్మడికాయ దగ్గర అందరూ కడుపు పట్టుకొని నవ్వారు. మరుగుదొడ్డి దగ్గర కూడా మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఊరుకున్నారు. లక్ష్మమ్మ కొడుకు లారీ నడుపుతాడు. ఆమె చాలాసేపు కొంగు చివర చుట్టుకుంటూ కూర్చుంది. ఆ రోజు నుంచి హారతి తర్వాత మేం ఒక మాట కలిపి చెప్పుకుంటున్నాం. చదువుతున్న మీరు కూడా ఎక్కడున్నా ఒక్క క్షణం చేతులు జోడించి మాతో కలిసి అడగండి:

స్వామీ నరసింహా, మేం కునుకు తీస్తుంటే మేలుకొని మమ్మల్ని మోసేవాళ్ళ కళ్ళకు చలువ ఇవ్వు. వాళ్ళ ఇళ్ళలో ఎదురుచూసేవాళ్ళకు ధైర్యమివ్వు. దాహమైన చోట వాళ్ళకు నీళ్ళు దొరికేట్టు చూడు. ఆ నీళ్ళు తాగడానికి జంకే బతుకు ఎవరికీ పెట్టకు తండ్రీ.